కుదురు, పట్టు
(ప్రసంగ పాఠం)

పక్క హాల్లో సినిమా పాటలు సాగుతుంటే వాటిని వదులుకుని ఈ గదిలోకి వచ్చి కూర్చున్న మీ అందరికీ ముందుగా కృతజ్ఞతలు. కార్యక్రమ పత్రంలో 'జిగ్' అన్న మాట చూసి, ఐరిష్ వాళ్ళ నాట్యం గురించి చెబుతానేమో అనుకుని వచ్చినవాళ్ళు ఒకరిద్దరు ఉండే ఉంటారు. ఆ పేరుతో ఒక నాట్యం ఉన్న మాట నిజమే. నేను చెప్పబోయే జిగ్ మాత్రం ఎగరనివ్వదు. పట్టుకుని కూర్చోబెడుతుంది.

నా గురించి రెండు మాటలు. నేను డెబ్భైల్లో హైదరాబాదు బాలానగర్‌లో పని నేర్చుకున్నాను. అక్కడి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌ను 1968లో భారత ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి వారి సాయంతో నెలకొల్పింది. దాని చుట్టుపక్కల సందుల్లో ఆ రోజుల్లో ఎన్ని చిన్న కార్ఖానాలుండేవో లెక్క చెప్పలేను. ఆ తర్వాత ఈ దేశం వచ్చి, మిషిగన్‌లో కారు విడిభాగాలు చేసేవాళ్ళ టూల్ రూముల్లో రిటైరయ్యేదాకా పనిచేశాను. ఇప్పుడు మా ఇంటి గరాజ్‌లో ఒక లేత్, బెంచి మీద పెట్టుకునే చిన్న మిల్లింగ్ మెషీను, ఒక డ్రిల్ ప్రెస్ ఉన్నాయి. కారు బయట మంచులో ఉంటుంది. ఈ ఏర్పాటు గురించి మా ఆవిడ అభిప్రాయం ఈ సంచికలో అచ్చు వేయదగినది కాదు.

ఈ సభల్లో మనవాళ్ళు ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ వారు. వారికి ఏదైనా తేడా వస్తే వెనక్కి తీసుకునే మీట ఒకటి ఉంటుంది. లోహానికి అది లేదు. బెజ్జం ఒకసారి పక్కకు పడితే పడినట్టే. అందుకే మా పనిలో కోసే సమయం తక్కువ, కోయబోయే దాన్ని ఎలా నిలపాలా అని ఆలోచించే సమయం ఎక్కువ. బయటివాళ్ళు చూసి "ఇంతసేపూ ఏం చేశావు?" అంటారు. ఇంతసేపూ పట్టుకోవడం ఎలాగో చూసుకుంటున్నామని చెబితే నమ్మరు.

మా భాషలో ఫిక్స్చర్ అంటే వస్తువును పట్టుకుని ఉంచేది. జిగ్ అంటే పట్టుకోవడంతో పాటు పనిముట్టుకు దారి కూడా చూపించేది. ఇంతే తేడా. కానీ రెండింటిలోనూ రెండు వేరు వేరు పనులు జరుగుతాయి, వాటిని విడదీసి చూడడం తెలిస్తే సగం విద్య వచ్చినట్టే. మన ఇళ్ళల్లో కుండ కింద చుట్టకుదురు పెట్టేవాళ్ళు గుర్తుందా? కుండ ఎక్కడ కూర్చోవాలో కుదురు చెబుతుంది. కానీ అది కుండను పట్టుకోదు. ఎత్తితే వచ్చేస్తుంది. అదే రోకలిని చేత్తో బిగించి పట్టుకున్నామనుకోండి, అది పట్టు. రోకలి ఎక్కడ పడాలో చెప్పేది పట్టు కాదు, రోలు. వస్తువు ఎక్కడ ఉండాలో నిర్ణయించేది కుదురు. అక్కడినుంచి కదలకుండా చూసేది పట్టు. ముందు కుదరాలి, తర్వాతే బిగించాలి. బిగించడం వల్ల కుదురు చెడకూడదు. చాలామంది కుర్రాళ్ళు బిగువునే నమ్ముకుంటారు. కదులుతోందంటే ఇంకొంచెం బిగిస్తారు. అది కుదరక కదులుతోందని వాళ్ళకు తోచదు.

కుదురుకు ఒక లెక్క ఉంది. ఏ వస్తువైనా ఆరు రకాలుగా కదలగలదు. అటూ ఇటూ, ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ జరగడం మూడు. ఆ మూడు దిక్కుల చుట్టూ తిరగడం మరో మూడు. ఈ ఆరింటినీ ఆపడానికి ఆరు ఆనికలు చాలు. అడుగున మూడు, ఒక పక్క రెండు, ఇంకో పక్క ఒకటి. అడుగున మూడే ఎందుకు, నాలుగైతే ఇంకా గట్టిగా ఉండదా అని అడుగుతారు. మన పల్లెల్లో పొయ్యికి రాళ్ళు మూడే పెట్టేవారు. మూడు రాళ్ళు ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా గిన్నె మూడింటి మీదా కూర్చుంటుంది. నాలుగోది పెట్టండి, గిన్నె ఊగుతుంది. ఇది ఇంజనీరింగు పుస్తకం చదవని అమ్మమ్మలందరికీ తెలిసిన సంగతి.

ఇక అసలు కథ. మా అమ్మకు ఎనభై ఎనిమిదేళ్ళు. మా దగ్గరే ఉంటుంది. వచ్చినప్పుడు తనతో తెచ్చుకున్న సామానులో ఒక ఇత్తడి జంతికల గొట్టం ఉంది. మీలో కొందరు మురుకుల గొట్టమంటారు, కొందరు చక్రాల గొట్టమంటారు. వస్తువు ఒకటే. తన పెళ్ళికి పుట్టింటివారు ఇచ్చినది. 2022 దాకా పశ్చిమ గోదావరిలో ఉన్న అజ్జరం అని ఇత్తడి పనికి పేరుపడ్డ ఊరుంది, అక్కడ చేయించారని అమ్మ అంటుంది. రెండు చేతులతో అదిమే రకం. లోపల వేసే బిళ్లల్లో చాలావరకు ఏళ్ళ తరబడి మారిన ఇళ్ళల్లో పోయాయి. కారప్పూస బిళ్ల మిగిలింది కానీ రెండు బెజ్జాల మధ్య చీలి, పూసకు బదులు ముద్ద దిగేది.

అమ్మ కారప్పూస చేయడం మానేసింది. బిళ్ల పాడైందని చెప్పేది. అసలు కారణం వేళ్ళు. కీళ్ళవాతంతో కుడిచేతి వేళ్ళు ముడుచుకుపోయాయి. గట్టిగా అదమలేదు. ఆ మాట పైకి అనదు. "ఎవరు తింటార్రా ఇప్పుడు, ప్యాకెట్లు దొరుకుతున్నాయిగా" అంటుంది. నాకు రెండూ కలిసిన సమస్యగా కనిపించింది. కొత్త బిళ్ల కావాలి. అది పాత దానికన్నా తేలిగ్గా పిండిని వదలాలి.

కొత్త గొట్టం కొనొచ్చు కదా అంటారు. కొనొచ్చు. నా శ్రమకు లెక్క కడితే కొనడమే చవక. కానీ కొత్త గొట్టం బిళ్ల ఈ గొట్టంలో పట్టదు. ఆ మధ్య మా ఊరి తెలుగువాళ్ళ దీపావళి విందులో ఈ ప్రస్తావన వస్తే, "అన్నయ్యగారూ, మాకూ ఒకటి, మాకూ రెండు" అని తొమ్మిది ఇళ్ళవాళ్ళు చెప్పారు. మొత్తం ఇరవై నాలుగు బిళ్లలు. తొమ్మిది గొట్టాలూ తెప్పించి కొలిచాను. ఏ రెండూ ఒక కొలత కాదు. రెండు అంగుళాలకు కాస్త తక్కువ నుంచి రెండుంబావు దాకా ఉన్నాయి. మా డెట్రాయిట్ కాడిలాక్ కంపెనీ కార్లు మూడింటిని 1908లో ఇంగ్లండులో ఊడదీసి, భాగాలన్నీ కలగలిపి, మళ్ళీ మూడు కార్లుగా బిగించి బ్రూక్‌లాండ్స్ ట్రాకు మీద అయిదేసి వందల మైళ్ళు నడిపి చూపించారు. దానికి డ్యూవర్ ట్రోఫీ ఇచ్చారు. ఏ కారు భాగమైనా ఏ కారుకైనా పట్టేంత కచ్చితంగా చేయడం అప్పట్లో అంత గొప్ప. ఆ ఘనతకు వెనక ఉన్నవి ఇలాంటి జిగ్గులూ ఫిక్స్చర్లూ కొలత గేజీలే. మన జంతికల గొట్టాలకు ఆ 1908 ఇంకా రాలేదు.

ఒక్క బిళ్ల చేయాలంటే జిగ్ అక్కర్లేదు. గీతలు గీసుకుని, పంచితో చుక్కలు కొట్టుకుని, ఒక్కొక్క బెజ్జం వేసుకోవచ్చు. ఇరవై నాలుగు బిళ్లలు, ఒక్కోదానికి పందొమ్మిది బెజ్జాలు అంటే 456 బెజ్జాలు. అందులో ప్రతిసారీ ఒక పల్చటి గుండ్రటి రేకును పట్టుకోవాలి. ఇక్కడే అసలు ప్రమాదం ఉంది.

బాలానగర్‌లో నేను పనిచేసిన ఒక చిన్న కార్ఖానాలో, పేరెందుకులెండి, నా పక్క మెషీను ఆయన పల్చటి రేకులకు బెజ్జాలు వేసేవాడు. రేకును చేత్తో అదిమి పట్టుకునేవాడు. బిగించడానికి టైము ఇచ్చేవారు కాదు, ముక్కల లెక్కన కూలీ. డ్రిల్లు రేకులోకి దిగుతున్నంతసేపూ ఏమీ కాదు. అవతలి వైపుకు పొడుచుకు వచ్చే ఆ చివరి క్షణంలో డ్రిల్లు అంచులు రేకును మరలాగా పట్టేసి పైకి లాగుతాయి. రేకు చేతిలోంచి జారి డ్రిల్లుతో పాటు గిర్రున తిరుగుతుంది. అప్పుడది రేకు కాదు, కత్తి. ఆయన రెండు వేళ్ళ కొసలు పోయాయి. తర్వాత అదే కార్ఖానాలో గేటు దగ్గర కాపలాకు పెట్టారు. చేతికి గ్లవ్స్ వేసుకుంటే సరిపోదా అని ఇక్కడి పిల్లలు అడుగుతుంటారు. తిరిగే మెషీను దగ్గర గ్లవ్స్ అసలు వేసుకోకూడదు. గుడ్డ చుట్టుకుంటే వేలు కాదు, చెయ్యే పోతుంది. చున్నీ, గాజులు, మెడలో వేలాడే గుర్తింపు కార్డు, విరబోసిన జుట్టు, అన్నీ అంతే. కాబట్టి నేను జిగ్ అనేదాన్ని పని తొందరగా అవడానికి చేసే సాధనంగా చూడను. వేళ్ళు ఉండాల్సిన చోట వేళ్ళకు బదులు ఉండేది అది.

మరి వైసులో బిగిస్తే? పల్చటి గుండ్రటి బిళ్లను పక్కల నుంచి నొక్కితే రెండు చోట్ల మాత్రమే ఆనుతుంది. ఇంకొంచెం నొక్కితే మధ్యలో ఉబ్బుతుంది, నూనెలో వేసిన అప్పడంలాగా. ఉబ్బినప్పుడు వేసిన బెజ్జాలు వదిలేశాక వంకర తిరుగుతాయి. కాబట్టి పక్కనుంచి నొక్కకూడదు. పైనుంచి అంచు మీద అదమాలి. ఈ ఒక్క నిర్ణయంతో మిగతా రూపమంతా దానంతటదే వచ్చింది.

బెజ్జాల అమరిక గురించి కాగితం మీద గీస్తూ కూర్చుంటే అమ్మ వెనకనుంచి చూసింది.

"ఏంట్రా, ముగ్గు వేస్తున్నావా?"

"కాదమ్మా, నీ బిళ్లకు బెజ్జాలు."

"ముగ్గేగా. అయిదు చుక్కలు పెట్టి, సందు చుక్కలు మూడొచ్చేదాకా వెయ్యి. గుండ్రంగా నిండుతుంది."

ముగ్గులు వేసేవాళ్ళకు వెంటనే అర్థమైంది కదా. నడిమి వరసలో అయిదు, దానికి పైనా కిందా సందుల్లో నాలుగేసి, ఆ తర్వాత మూడేసి. మొత్తం పందొమ్మిది. ఏ చుక్క నుంచి చూసినా పక్క చుక్కలు ఒకే దూరం. నేను దానికి 0.3 అంగుళం దూరం పెట్టాను. ఈ ముగ్గులో ఒక గుణం ఉంది. దీన్ని ఆరో వంతు తిప్పితే మళ్ళీ అదే ముగ్గు. అంటే పందొమ్మిది బెజ్జాలకు పందొమ్మిది దారులు అక్కర్లేదు. నడిమి చుక్క ఒకటి. దాని చుట్టూ ఆరు. బయటి వరసలో పన్నెండు, అందులో మూలల్లోవి ఆరు, అంచుల మధ్యవి ఆరు. ఒక్కో ఆరింటికీ ఒక దారి పెట్టి, బిళ్లను ఆరుసార్లు తిప్పితే చాలు. మొత్తం నాలుగు దారులు. నడిమిది, దానికి 0.3 అంగుళం దూరంలో ఒకటి, 0.52 దూరంలో ఒకటి, 0.6 దూరంలో ఒకటి. నలభై ఏళ్ళ పనిలో ఇంత పొదుపైన డ్రాయింగు నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఇక జిగ్ చెప్తాను. తిరగలి తెలిసినవాళ్ళకు సులువుగా బోధపడుతుంది. అడుగున ఏడు అంగుళాల ఉక్కు పీట. దాని మధ్యలో మేకు. ఆ మేకు చుట్టూ తిరిగే అయిదు అంగుళాల అల్యూమినియం పళ్ళెం, తిరగలి పై రాయి లాగా. పళ్ళెం మధ్యలో రెండున్నర అంగుళాల వెడల్పు గుంట. ఆ గుంటలో ఏ ఇంటి గొట్టానికి తగ్గ రింగు ఆ ఇంటిది వేసుకోవచ్చు. బయటి కొలత అన్నింటికీ ఒకటే, లోపలి కొలత వేరు. ఆ రింగే కుదురు. మా వర్క్‌షాపులో వాటికి ఇప్పుడు అదే పేరు, ఇంటిపేర్లతో సహా గుర్తులు కొట్టి పెట్టాను.

బిళ్ల కన్నా రింగు లోపలి కొలత ఒక్క రెండు వెయ్యో వంతుల అంగుళం ఎక్కువ. తల వెంట్రుక మందం సుమారు మూడు వెయ్యో వంతులు, దాని మీద మీరే ఊహించుకోండి. ఇంకా తగ్గిస్తే బిళ్ల దిగదు, పెంచితే కుదురు ఉండదు. బిళ్ల కింద ఒక అల్యూమినియం ముక్క వేస్తాను. డ్రిల్లు అవతలికి పొడుచుకు వచ్చినప్పుడు దానిలోకి దిగుతుంది, అడుగున పొరకలు తక్కువ లేస్తాయి. ఇప్పుడు ఒక చిన్న కిటుకు. బిళ్ల పై అంచు రింగు కన్నా ఇరవై వెయ్యో వంతులు పైకి ఉండాలి. ఎందుకంటే పైనుంచి మరో రింగు వేసి మూడు మరలతో బిగిస్తాం. బిళ్ల పైకి లేకపోతే ఆ పై రింగు వెళ్ళి కుదురు మీద కూర్చుంటుంది. బిళ్ల మీద కాదు. మరలు ఎంత బిగించినా బిళ్ల లోపల గలగలమంటుంది. బిగువు చేతికి తెలుస్తుంది కానీ పట్టు ఉండదు. ఈ తేడా కంటికి కనిపించదు, అందుకే చెప్పాను.

ఆరుసార్లు తిప్పడానికి పళ్ళెంలో ఆరు బెజ్జాలు, పీటలో ఒకటి, పైనుంచి దింపే ఒక పిన్ను. పిన్ను తీసి, పళ్ళెం తిప్పి, మళ్ళీ దింపితే టక్కుమని కూర్చుంటుంది. ఈ ఆరు బెజ్జాలను మేకు నుంచి రెండు అంగుళాల దూరంలో పెట్టాను. బిళ్ల మీద అన్నిటికన్నా బయటి బెజ్జం 0.6 అంగుళం దూరంలోనే ఉంది. కాబట్టి పిన్ను దగ్గర ఏ కాస్త వదులు ఉన్నా బిళ్ల మీదకు వచ్చేసరికి అది మూడో వంతుకు తగ్గిపోతుంది. గుర్తుపెట్టుకోండి, కొలతను నిలిపేది వీలైనంత బయట ఉండాలి, పని లోపల జరగాలి. లోపల పెట్టి బయట పని చేస్తే తప్పు పెద్దదవుతుంది. ఆరు బెజ్జాలూ సరిగ్గా వేయడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. వ్యాసార్ధమంత కాంపసు తెరిచి వృత్తం చుట్టూ నడిపిస్తే ఆరు అడుగుల్లో మొదటి చోటికే వస్తుందని ఆరో తరగతిలో నేర్చుకున్నాం. నా మిల్లింగ్ మెషీనుకు అంకెలు చూపించే డీఆర్‌ఓ ఉంది కనుక 1.000, 1.732 అన్న రెండు అంకెలను కూడికా తీసివేతా గుర్తులతో మార్చుకుంటూ నాలుగు వేశాను. మిగిలిన రెండూ అడ్డగీత మీదే పడతాయి.

పీటకు అడ్డంగా పైన ఉక్కు వంతెన. దానిలో నాలుగు గట్టిపరచిన బుష్‌లు దిగగొట్టాను. ఇవే డ్రిల్లుకు దారి చూపించేవి. వంతెన కింద ఒక గుండ్రటి బొడిపె, అది పై రింగు మధ్యలోంచి దిగి బిళ్ల దగ్గరికి వస్తుంది. బిళ్లను తాకదు. మధ్యలో డ్రిల్లు లావంత ఎడం ఉంచాలి, లేకపోతే పొట్టు బయటకు పోలేక బుష్‌ను అరగదీస్తుంది. మరీ ఎడం ఎక్కువైతే డ్రిల్లు దారి తప్పుతుంది. వంతెనను నిలిపే రెండు పిన్నులూ ఒకే లావు ఉండకూడదు. ఒకటి లావు, ఒకటి సన్నం. అలా ఉంటే వంతెనను తిరగేసి పెట్టాలన్నా పట్టదు. అలసిపోయిన సాయంత్రం పూట కూడా ఆ పిన్నులు మనకన్నా తెలివిగా ఉంటాయి.

మొత్తం పది పన్నెండు పౌన్ల బరువు. డ్రిల్ ప్రెస్ టేబులు మీద జరుపుకుంటూ బుష్‌ను డ్రిల్లు కిందికి తెచ్చుకుంటాం. పీటకు పొడుగాటి పిడి, ఆ పిడికి ఎడమ పక్కన టేబులుకు బిగించిన బోల్టు. డ్రిల్లు ఎంత గట్టిగా పట్టేసినా పిడి వెళ్ళి బోల్టుకు ఆనుతుంది, తిరగదు. చెయ్యి ఆ పిడి చివర, డ్రిల్లుకు మూరెడు దూరంలో.

లోహం గురించి ఒక మాట. పాతది ఇత్తడి కదా, కొత్తదీ ఇత్తడితోనే చేయమని అందరూ అన్నారు. ఇత్తడిలో రకాలున్నాయి. మెషీను షాపుల్లో తేలిగ్గా తెగుతుందని వాడే 360 రకంలో సుమారు మూడు శాతం సీసం ఉంటుంది. అది తెగేదే ఆ సీసం వల్ల. అమెరికాలో 2014 జనవరి నుంచి తాగేనీటి కుళాయిల్లో నీరు తగిలే భాగాలకు సగటున 0.25 శాతం మించి సీసం ఉండకూడదని చట్టం. కుళాయికే అలా ఉంటే, ఉప్పూ కారం కలిపిన తడిపిండి బలంగా రాసుకుంటూ వెళ్ళే బిళ్ల సంగతేమిటి? మనవలు తినే తిండి. అందుకని 304 రకం స్టెయిన్‌లెస్ ఉక్కు తీసుకున్నాను, ఎనిమిదో వంతు అంగుళం మందం.

ఈ ఉక్కు కొంచెం మొండిది. డ్రిల్లును తటపటాయిస్తూ ఆనిస్తే రాపిడికి ఆ చోటు గట్టిపడిపోతుంది. ఆ తర్వాత ఏ డ్రిల్లూ దిగదు. కోబాల్ట్ డ్రిల్లు, నిమిషానికి రెండు వేల చుట్లకు మించకుండా, నూనె దండిగా, ఒత్తిడి ఆపకుండా. ఒకసారి మొదలుపెడితే అవతలికి వెళ్ళేదాకా వెనకాడకూడదు. అలా ధైర్యంగా దించాలంటే కిందది కదలదన్న నమ్మకం ఉండాలి. జిగ్ ఆ నమ్మకం ఇస్తుంది.

గుండ్రటి బిళ్లలు బయట లేజరు కోత షాపులో కోయించి తెచ్చి, లేత్ మీద కొలతకు తెచ్చుకున్నాను. అక్కడే బెజ్జాలూ కోయించవచ్చు కదా అని మీలో ఎవరో అడగబోతున్నారు, నాకు తెలుసు. కోయించవచ్చు. కానీ లేజరు కోసిన గోడ గీతలు గీతలుగా ఉంటుంది, పూస గరుకుగా దిగుతుంది. డ్రిల్లు వేసి పొరకలు తీసిన బెజ్జం నున్నగా ఉంటుంది. ఇంకో కారణం, నాకు చేయాలని ఉంది. మా పక్కింటి తెలుగువాళ్ళమ్మాయి, హైస్కూలు రోబోటిక్స్ జట్టులో ఉంది, ప్లాస్టిక్‌తో త్రీడీ ప్రింటు చేసేద్దాం అంకుల్ అంది. ప్రింటు చేసిన దానిలో పొరల మధ్య సందులుంటాయి, పిండి ఇరుక్కుని పాచిపోతుంది. తిండికి వద్దన్నాను. కానీ తొమ్మిది గొట్టాల కొలతలు సరిచూసుకోవడానికి నమూనా బిళ్లలు మాత్రం ఆ పిల్లే ప్రింటు చేసి ఇచ్చింది. రెండు కొలతలు సవరించుకున్నది వాటివల్లే. కుదురు రింగుల్లో నాలుగు తనే లేత్ మీద తీసింది, జుట్టు ముడి వేసుకుని.

ఇక అమ్మ వేళ్ళ సంగతి. పిండి సన్నటి బెజ్జంలోంచి వెళ్ళేటప్పుడు దాని గోడ ఎంత పొడుగుంటే అంత బలం కావాలి. బిళ్ల పల్చన చేస్తే బలం తగ్గుతుంది, కానీ బిళ్ల వంగుతుంది. కాబట్టి మందం అలాగే ఉంచి, ప్రతి బెజ్జానికీ పైవైపున సగం లోతు వరకు గరాటులాగా తీశాను. పిండి గరాటులోకి తేలిగ్గా దిగుతుంది, సన్నటి దారి పదహారో వంతు అంగుళమే మిగులుతుంది. ఈ పనికి వంతెన తీసేయాలి. బుష్ అక్కర్లేదు, ముందు వేసిన బెజ్జమే దారి చూపిస్తుంది. కానీ బిళ్లను కుదురులోంచి తీయకూడదు.

జిగ్ చేయడానికి నాలుగు వారాంతాలు పట్టింది. అది తయారయ్యాక ఒక్కో బిళ్లకు ఇరవై నిమిషాలు. మొదటి బిళ్ల అమ్మది. కడిగి, నూనె రాసి, గొట్టంలో వేసి ఇచ్చాను. శనగపిండి, బియ్యప్పిండి, వాము, కారం తనే కలిపింది. ఎంత వాము వేసిందో మా ఆవిడ అడిగితే "చేతికొచ్చినంత" అంది. మొదటి వాయి తనే అదిమింది. రెండో వాయి సగంలో ఆగి, గొట్టం మా ఆవిడ చేతికిచ్చి, పొయ్యి పక్కన కుర్చీలో కూర్చుని ఎప్పుడు తీయాలో చెప్పింది. పాత బిళ్లతో ఒక్క వాయి కూడా అదమలేకపోయేది. ఇంతకన్నా ఎక్కువ జరిగిందని నేను చెప్పను. తర్వాత నన్ను పిలిచి, "బెజ్జాలు కొంచెం సన్నం చెయ్యరా, లావుగా వస్తోంది" అంది. ఇప్పుడు ఇంకో వంతెన చేస్తున్నాను, సన్న బుష్‌లతో. పీట, పళ్ళెం, రింగులు అవే.

బిళ్ల కావాలన్నవాళ్ళు ఈ ప్రసంగం అయ్యాక నన్ను కలవండి. జిగ్ ఈ బల్ల మీదే ఉంది, పిల్లలు తిప్పి చూడొచ్చు, పిన్ను మాత్రం మళ్ళీ పెట్టేయండి. ఇంటికి వెళ్ళాక గొట్టం లోపలి కొలత తీసి పంపండి. స్కేలుతో కాదు, వెర్నియర్ క్యాలిపర్‌తో. బిళ్ల ఆనే గట్టు దగ్గర మూడు చోట్ల కొలవండి. చేత్తో చేసిన గొట్టాలు పూర్తి గుండ్రంగా ఉండవు, మూడింటిలో తక్కువది నాకు కావాలి. గట్టు వెడల్పు కూడా రాయండి. గొట్టం పోస్టులో పంపకండి, అది ఎవరి పెళ్ళినాటిదో మీకే తెలుసు.